వదినకు ఎక్కించిన చేదు ఉప్పు

అన్నయ్యా,

ముందే చెబుతున్నాను, వదినా పాపా క్షేమం. ఇక నిదానంగా చదువు.

సోమవారం వదినకు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. నేను నర్సుగా ఉన్న కాన్పుల వార్డుకే తెచ్చారు. డాక్టరమ్మ మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించమంది. కాళ్ల నొప్పులకు అమ్మ వేడినీళ్లలో కలుపుకునే చేదు ఉప్పు లేదూ, అదే. శుద్ధి చేసి సూదిమందుగా ఇస్తారు. అది ఫిట్స్‌ను ఆపుతుంది, ఎక్కువైతే మాత్రం ఊపిరికే ముప్పు. అందుకే గంటగంటకూ మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి చూడాలి. కాలు ఎగిరితే మందు హద్దులో ఉన్నట్టు.

"ఒళ్లంతా మండిపోతోంది, తీసెయ్" అని వదిన ఏడ్చింది.

"మందు వేడి వదినా, తగ్గిపోతుంది" అంటూ చెయ్యి పట్టుకున్నాను. ఏడాదిగా మా ఇద్దరికీ మాటల్లేవని నీకు తెలుసుగా. డ్యూటీ అయిపోయినా ఆ చెయ్యి వదలబుద్ధి కాలేదు.

ఐదోసారి తట్టినప్పుడు వదిన కళ్లు తెరిచి, "నాతో తన్నించుకోవాలని అంత సరదాగా ఉందా నీకు?" అంది. నవ్వబోయి ఏడ్చేశాను.

పాప మర్నాడు పుట్టింది. బరువు తక్కువే గానీ గొంతు గట్టిది.

ఓడ రేవుకు చేరగానే ఫోన్ చెయ్యి. ముందు నాకు కాదు, వదినకు. నీ గొంతు వినేదాకా తల దువ్వుకోనంటోంది. నేనే కూర్చోబెట్టి జడ వేస్తున్నాను.

నీ చెల్లి