కిటికీలకు కూడా ప్లాస్టింగ్ కూలి

జూన్ 14, శనివారం

పొద్దున్నే దావీదు మేస్త్రి ప్లాస్టింగ్ లెక్క తెచ్చినాడు. అది చూసి నాయన మంచం మీద కూలబడినాడు. కిటికీలు, తలుపులు కూడా గోడ లెక్కలోనే కలిపి కొలిచి పెట్టినాడు! మా ఇంటికి ఏడు కిటికీలు, మూడు తలుపులు. అక్కడ సిమెంటు ఏదీ? గాలికి కూలి అడుగుతున్నాడు.

"ఏంది బావా ఇది?" అని నాయన మెల్లగా అడిగినాడు.

"కిటికీ అంచుల చుట్టూ సిమెంటు తిప్పేది పని కాదా? అందరం ఇట్లనే కొలుస్తాం. అయినా రాసింది నీ కూతురే కదా, కాలేజీ పిల్ల!" అని నా నోటుబుక్కే ఎత్తి చూపించినాడు.

నిజమే. గోడలు కొలిచిన రోజు టేపు రెండో కొస పట్టుకున్నది నేనే. ఆయన చెప్పిన అంకెలన్నీ గుండ్రంగా రాసుకొని మురిసిపోయింది నేనే. ఒక్కసారైనా తలెత్తి గోడ వైపు చూడలేదు.

"మామా, అంచు జానెడు. నువ్వు అడిగేది కిటికీ అంత" అన్నాను.

"పిల్లకు నోరు బాగా వచ్చింది బావా" అని నవ్వినాడు. దబాయింపు! ఈ మాట ఇన్నాళ్లూ పుస్తకాల్లోనే చదివినాను.

అడిగినంతా ఇచ్చేస్తే బాత్రూంకు తలుపు రాదు. అమ్మా నేనూ ఇంకా పాత చీర అడ్డం కట్టుకొనే స్నానం చేయాలి. నాయనేమో "చర్చిలో వారం వారం ముఖాలు చూసుకోవాల్సినోళ్లం, ఇచ్చేద్దాంలే" అంటున్నాడు. ఆ మామకు లేదా ముఖం?

రేపు చర్చి గంట కొట్టకముందే లేస్తాను. అమ్మ కుట్టుమిషన్ టేపుతో కిటికీలూ తలుపులూ అన్నీ కొలిచి కొత్త పేజీలో రాస్తాను. అంచుల కూలి అంచులకు వేస్తాను. ప్రార్థన అయినాక, చర్చి మెట్ల మీదనే, అందరి ముందరా ఆ పేజీ మామ చేతిలో పెడతాను.