ఉల్లి మడికి దోమతెర

జూన్ 14, శనివారం

పూజ్యురాలైన వదినగారికి,

మీ ఆడపడుచు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. రెండు వీధుల అవతల మీరూ క్షేమమే అయి ఉంటారు, అయినా అడగడం మర్యాద కదా. ఫోన్ చేస్తే ఎత్తవు, ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోతావు. కనుక ఉత్తరం. చింపేముందు ఒక్కసారి చదువు.

గెలిచాం వదినా! ఇవాళ పొద్దున మూడు ఉల్లిగడ్డలు, దాని చుట్టమైన ఆ లావుకాడల లీక్ రెండు పీకి చూశాను. ఒక్క పురుగు లేదు!

నిరుడూ, అంతకు ముందేడూ మా పెరట్లో నీ చేత్తో నాటిన ఉల్లికి ఏమైందో నీకు తెలియనిది కాదు. ఆకులు పండిపోయేవి, పట్టుకు లాగితే గడ్డ మెత్తగా చేతికొచ్చేది, లోపల తెల్ల పురుగులు లుకలుకలాడేవి. ఆ చిరాకులో భోజనాల దగ్గర అందరి ముందూ, వదిన చెయ్యి పడితే పచ్చని మొక్కైనా మాడిపోతుందని అనేశాను. నువ్వు బొరిగ కడిగి గోడకు తగిలించి వెళ్ళిపోయావు. అప్పటినుంచి మీ ఇంటి కుండీలో కూడా మొక్క పెట్టడం లేదని అన్నయ్య చెప్పాడు.

అందుకే ఈ ఏడు పంతం పట్టాను. నా కుట్టు షాపులో గౌన్లకు వేయగా మిగిలిన నెట్టు గుడ్డ ఉంది కదా, ఆవగింజ కూడా దూరనిది, దాన్ని నాలుగు బారల పొడవున అతుకులేసి కుట్టాను. పాత ప్లాస్టిక్ పైపులు వంచి మడిలో గుచ్చి, ఆ పురుగుల్ని పెట్టే ఉల్లి ఈగ దూరకుండా పైన కప్పాను. పక్కింటి లాయరు బాబాయి చూసి, ఉల్లిపాయలకు దోమలు కుడుతున్నాయా అమ్మాయ్ అని ఒకటే నవ్వు.

మొదటిసారి చావుదెబ్బ తిన్నాను. మూడు వారాలకల్లా వల లోపలే ఈగలు! ఎక్కడ చిరిగిందోనని భూతద్దం పెట్టి వెతికాను, ఒక్క కుట్టు ఊడితే ఒట్టు. విత్తనాల షాపాయన్ని అడిగాను. నిరుటి పురుగు ఆ మట్టిలోనే గూడు కట్టుకుని పడుకుంటుందమ్మా, వేడి తగలగానే ఈగై లేస్తుంది, మీరు దొంగను ఇంట్లో పెట్టి బయట గొళ్ళెం వేశారు అన్నాడు. నా పనితనమంతా ఈగలకు కాపలా అయింది!

ఒక పూట ఏడ్చాను. మర్నాడు ఆ మడి మొత్తం పీకేసి, నీళ్ళ ట్యాంకు పక్కన, ఎన్నడూ ఉల్లి ఎరగని నేలలో కొత్త నారు నాటాను. నాటిన పూటే వల కప్పి, అంచులు జానెడు లోతున పూడ్చాను. కలుపు తీయాలంటే ఒక పక్కే ఎత్తి, లోపలికి తల దూర్చి, మళ్ళీ పూడ్చేదాన్ని. లీక్ ఆకుల్లో సొరంగాలు తవ్వే గొంగళ్ళకు తల్లులైన ఆ బూడిదరంగు రెక్కల పురుగులు సాయంత్రాలు వల మీద వాలి, దారి దొరక్క పోయేవి. స్టూలు వేసుక్కూర్చుని చూసేదాన్ని. ఆ సుఖం చెప్పలేను వదినా!

ఇప్పుడు లీక్ నా మణికట్టంత లావు, మూరెడు తెలుపు. ఉల్లిగడ్డ కోస్తే కరకరమంది. నవ్విన నాపచేనే పండుతుందంటారు చూశావా, లాయరు బాబాయి తన మడికీ దోమతెర కుట్టిపెట్టమని కొలతలు పట్టుకొచ్చాడు. మూడు రోజులు తిప్పించుకుని గానీ ఒప్పుకోలేదు.

అన్నయ్యకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మొండితనంలో నీకేమీ తీసిపోని
నీ ఆడపడుచు

తా.క.: ఇంత రాసి అసలు మాట మింగేశాను. షాపాయన ఆ రోజు ఇంకోటి కూడా అడిగాడు, కుళ్ళిన గడ్డలు ఏం చేశారమ్మా అని. ఎరువవుతాయని ఆ మడిలోనే పాతానన్నాను, రెండేళ్ళూ, నా చేతులతోనే. ఆయన తల పట్టుకున్నాడు. పురుగుల్ని పెంచి పోషించింది నేను వదినా, నీ చెయ్యి ఏ పాపమూ ఎరగదు. ఇది తెలిసి నాలుగు నెలలైనా పరువు అడ్డొచ్చి నోరు కుట్టేసుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం ఆనాటి భోజనాల వాళ్ళందరినీ కూర్చోబెట్టి, చెడ్డది వదిన చెయ్యి కాదు, నా చెయ్యి అని గట్టిగా చెప్పేశాను. నీకు మాత్రం నేనే చెప్పుకోవాలని అన్నయ్య దగ్గర మాట తీసుకున్నాను. తప్పు నాది, క్షమించు. రేపు పొద్దున్నే రా. పంటంతా నీ చేత్తోనే పీకాలి. అందరూ మడి చుట్టూ నిలబడి చూస్తారు.