మూడు దిమ్మెలు ఇంకా తొట్టిలోనే ఉన్నాయి

ధాత్రీ,

లేవగానే నీ ప్రాజెక్టు రిపోర్టులో పన్నెండో పేజీ మార్చు. కాఫీ ఆ తర్వాత. ఇడ్లీ గిన్నెలో ఉంది. మార్చిన పేజీని తిరువళ్ళూరు స్టేషను బయట జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకో.

ఇంగ్లీషు నాకు రాదు, అంకెలు వస్తాయి. వడ్ల మిల్లు బూడిద కలిపి కాంక్రీటు దిమ్మెలు ఆరు పోశావు. ఏడో రోజున మూడింటిని, బలం ఎంతో చూడటానికి, కాలేజీ మిషన్‌లో పగలగొట్టారు. మిగతా మూడు ఇరవై ఎనిమిదో రోజున అని నువ్వే చెప్పావు. ఈరోజుకు ఇరవై ఒకటే. అవి మన పెరటి తొట్టిలో నానుతున్నాయి, నీళ్ళు మార్చేది నేను. మరి ఆ పేజీలో ఇరవై ఎనిమిది పక్కన రాసిన బలం ఎవరి దిమ్మెలది?

“సారు యాడ చూస్తాడే, నంబరు వేసేస్తే సరి” అని నిన్న ఫోనులో నీ స్నేహితురాలు యశస్వినితో నవ్వావు. మీ అమ్మ ఆసుపత్రి రిపోర్టులో కూడా సరిగ్గా చూడకుండానే అంతా నార్మల్ అని రాశారు. రాసినవాణ్ణి నేను క్షమించలేదు. నిన్నూ క్షమించను.

“ఇంకా ఏడు రోజులు కావాలి” అని రాయి. పది గంటలకు సార్ల ముందు నిలబడి అదే చెప్పు. తిడితే పడు.

మోటారు రిపేరుకు పొదటూరుపేట పోతున్నాను. సార్లతో అయిపోగానే ఫోను చెయ్యి. అంతవరకు నాకు కాలూ చెయ్యీ ఆడవు.

నాయన

ఒక దిమ్మెను ఇప్పుడే తొట్టిలోంచి తీసి తడి గోనెపట్టాలో చుట్టి గడప దగ్గర పెట్టాను. సార్లు నమ్మకపోతే చూపించు. ఎనిమిది కిలోలు, నువ్వు మోయవద్దు. ఆటో పార్థిబన్ ఏడున్నరకు వస్తాడు, రైలు పెట్టెలోకి వాడే ఎక్కిస్తాడు.