బుచ్చిరాములు ఉపన్యాసం

లాలాపేట్,
12 మార్చి 1968.

ఉప్పలమ్మక్కకు తమ్ముడు పోచయ్య దండం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నేను, నీ మరదలు, పిల్లలు బాగున్నాం. నువ్వూ బావా బాగున్నారని తలుస్తాను. నీ మోకాళ్లకు నల్లకుంటలో నూనె కొన్నాను.

బుచ్చిరాములును కలిశావా అని అడిగావు. కలిశాను. పోరాటంలో దొర నుంచి లాక్కుని సంఘం నీకు పంచిన నాలుగెకరాలు ఇరవై ఏళ్ల తర్వాత ఖాళీ చేయమని దొర నోటీసు ఇస్తే, నిజాం కాలంలో ఊరంతటినీ లేపి ఆ దొరను కోటలాంటి గడీలోంచి తరిమిన మన దళనాయకుడికే కదా చెప్పుకోవాలి! ఇప్పుడాయనకు తార్నాకలో మేడ ఉంది. వెళ్లేసరికి వరండాలో దొర కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఖద్దరు వేశాడు, అంతే తేడా.

"గా భూమి ముచ్చటేనా పోచయ్యా? పాత పగలు ఇడిశిపెట్టు. ఇచ్చెయ్యమను మీ అక్కను. దొర ఇప్పుడు మనోడే" అన్నాడు బుచ్చిరాములు.

అక్కా, ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. దొర లేచి "చెప్పులందియ్యిరా" అన్నాడు. అందించాను. వంగి, రెండు చేతులతో. గడీ ముందు చెప్పులు నెత్తిన పెట్టుకోకుండా నడిచాడని మన నాయనను కొట్టించి చంపినవాడికి! ఆ రోజు అదే చేత్తో అన్నం తినలేకపోయాను.

పగ తీర్చుకున్నాను. నిన్న మా యూనివర్సిటీలో బుచ్చిరాములు ఉపన్యాసం. అటెండరును కాబట్టి మైకు పెట్టింది నేనే. గడీని ఎలా కూల్చాడో చెబుతుంటే విద్యార్థులు ఒకటే చప్పట్లు. నేను చెప్పులు విప్పి, నెత్తిన పెట్టుకుని, సభ మధ్యలోంచి నడిచి ఆయన ముందు నిలబడ్డాను.

"గిదేంది పోచయ్యా?"

"గడీ ముందట గిట్లనే నడిచేటోళ్లం గద. గిప్పుడు దొర నీ ఇంట్ల ఉన్నడు. గందుకే" అన్నాను, మైకులో పడేట్టు.

ఒక పిల్ల లేచి "గా దొర ఎవరు సార్?" అని అడిగింది. తర్వాత అందరూ అడిగారు. బుచ్చిరాములు వెనక తలుపులోంచి పోయాడు. ఆ మొహం నువ్వు చూడాల్సింది. నా కడుపు చల్లబడింది.

ఈ పొద్దున నన్ను పనిలోకి రావద్దన్నారు. నీ మరదలు ఏడుస్తోంది. నాకు ఏడుపు రావడం లేదు. ఆదివారం అందరం వస్తున్నాం. భూమి వదలకు, అరక కట్టించు. దొర మనుషులు వస్తే రానీ. ఈసారి మన ముందు ఏ నాయకుడూ ఉండడు. గట్టు మీద నువ్వూ నేనూ నిలబడదాం.

ఇట్లు,
నీ చేతుల్లో పెరిగిన తమ్ముడు
పోచయ్య