మాట్లాడకపోతే తెగిపోయే ఫోను

కుహ్మో,
మంచు కరుగుతున్న రోజులు

ఔలు నగరంలో టెలిఫోన్ కంపెనీ కొత్త ఫోన్ల విభాగం వారికి,

లెంతువా సరస్సు ఒడ్డున చెక్క పడవలు చేసే ఒయ్వా కెంపైనెన్ రాస్తున్నాను. ఇక్కడ క్షేమం. మీరూ బాగానే ఉండి ఉంటారు.

మా వైపు వచ్చే రాగి తీగను ఈ వేసవి చివర్లో తీసేస్తామని మీవాళ్ళు చెప్పారు. ఇకమీదట ఫోను ఇంటర్నెట్ మీదే నడవాలట. నాకు అభ్యంతరం లేదు, కానీ సంగతి తెలుసుకోవాలని ఉంది. నేనన్న మాటను ముక్కలుగా తరిగి పంపుతారని, అవతలికి చేరాక మళ్ళీ అతుకుతారని మా పిన్ని కొడుకు సులో ఎక్కడో చదివాడు. నిజమేనా? ముక్కలు దారిలో ముందూ వెనకా అయితే ఎలా? నా "హలో" అక్కడ "లోహ" అయి దిగదు కదా? పడవకి పలకల వరస తప్పితే నీళ్ళొస్తాయి, అందుకని అడుగుతున్నాను.

కార్ఖానాలో మేం ఇద్దరమే, నేనూ సులో. ఆర్డర్లన్నీ ఫోన్లోనే వస్తాయి. మాలాంటి చిన్నవాళ్ళకి ఏ ఏర్పాటు నప్పుతుందో చెప్పండి.

ఉంటాను,
ఒయ్వా

తా.క. ఇదంతా ఫోన్లోనే అడగొచ్చు. కానీ ఒక్కసారిగా ఇంత మాట్లాడటం నా వల్ల కాదు.

*

ఔలు

ఒయ్వా కెంపైనెన్ గారికి తైయా రౌహలా నమస్కారాలు.

మా విభాగానికి కాగితం మీద ఉత్తరం రావడం నేను చూడటం ఇదే మొదలు. ఆఫీసంతా చేతులు మార్చుకుంటూ చదివారు.

మీ సులో చదివింది నిజమే. ముక్కలన్నిటికీ వరస సంఖ్యలుంటాయి, అవతల సర్దుకుంటాయి. మరీ ఆలస్యంగా వచ్చిన ముక్కను పారేస్తాం. ఆ కాస్త వెలితిని చెవి పట్టించుకోదు. మీ "హలో" "హలో"గానే చేరుతుంది.

ఇక ఏది ఎంచుకోవాలన్నది. పెద్ద సంస్థలు ఫోన్లను నడిపే యంత్రాన్ని సొంతంగా పెట్టుకుంటాయి, చెడితే తామే చూసుకుంటాయి. మీకా బెడద వద్దు. యంత్రం మా దగ్గరే ఉంటుంది, మీ బల్ల మీద రెండు ఫోన్లుంటే చాలు. నంబరు పాతదే. కరెంటు పోతే ఫోనూ పోతుంది కాబట్టి చిన్న బ్యాటరీ కూడా పంపుతున్నాను. ముందు కొన్నాళ్ళు వాడి చూడండి. నచ్చకపోతే వెనక్కి పంపేయండి.

ఒక్క వివరం కావాలి. మీ దగ్గర ఒకే సమయంలో ఎంతమంది ఫోన్లో మాట్లాడుతుంటారు?

మీ సేవలో,
తైయా రౌహలా

తా.క. ఫోను చేసినవాళ్ళు ఆగాల్సి వస్తే, ఆ కాసేపూ వాళ్ళకి పాట వినిపించమంటారా?

*

కుహ్మో

తైయా గారికి,

ఫోన్లు అందాయి. సులో బిగించాడు.

ఒకే సమయంలో ఎంతమంది మాట్లాడతారని అడిగారు. చాలాసార్లు ఒక్కరూ మాట్లాడరు. అక్కడే చిక్కొచ్చి పడింది.

సోత్కమోలో హెల్వి అని ఉంది. భర్త పోయాక సెలవులకొచ్చే వాళ్ళకి పడవలు అద్దెకిచ్చే కొట్టు తనే నడుపుతోంది. మేం చేసే పడవల్లో సగానికి పైగా ఆవిడే కొంటుంది. మొన్న ఫోను చేసింది.

"ఒయ్వా?"

"ఊఁ."

"మంచు కరిగిందా?"

"కరుగుతోంది."

ఆ తర్వాత మామూలుగా ఇద్దరం కాసేపు ఊరుకుంటాం. ఏ పడవలు కావాలో ఆవిడ ఆలోచించుకుంటుంది, చెక్క ఏమాత్రం ఉందో నేను ఆలోచించుకుంటాను. ఈసారి ఆ మధ్యలోనే ఫోను తెగింది. నేనే మళ్ళీ చేశాను.

"ఏమయ్యా, అలా మొహాన పెట్టేశావేం?"

"నేను పెట్టలేదు."

ఆవిడకి కోపమొచ్చి మాట్లాడలేదు. ఫోను మళ్ళీ తెగింది. ఇక ఫోను చేయలేదు, మెసేజ్ పంపింది: "పడవలు చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు."

పడవలు అమ్ముడుపోకపోతే పోనీ అనలేను. కానీ అదొక్కటే కాదండీ. ఆవిడతో ఊరుకున్నంత హాయిగా నేను ఇంకెవరితోనూ ఊరుకోలేదు. కాస్త చూడండి.

ఒయ్వా

తా.క. పాట వద్దు. ఆగడంలో ఉన్న సుఖం పోతుంది.

*

ఔలు

ఒయ్వా గారికి,

చాలా విచారిస్తున్నాను. వెంటనే మీ కాల్స్ రికార్డు తెరిచి చూశాను. లోపం దొరికింది. మీ వైపు నుంచి ఏ శబ్దమూ రావడం లేదు. విచిత్రమేమిటంటే సోత్కమో వైపు నుంచీ రావడం లేదు. రెండు చోట్లా మైకు ఒకేసారి పాడవడం మా ఇంజనీర్లు ఎన్నడూ చూడలేదట! మీకు కొత్త ఫోన్లు పంపుతున్నాను. హెల్వి గారికి కూడా ఒకటి పంపించాను, కంపెనీ కానుకగా.

శుభాకాంక్షలతో,
తైయా

తా.క. పరీక్ష కోసం ఫోను నడుస్తున్నప్పుడు ఎవరిచేతనైనా ఏదైనా గట్టిగా చదివించండి. శబ్దం ఉన్నంతసేపూ తెగకపోతే మైకు బాగున్నట్టే.

*

కుహ్మో

అమ్మా తైయా,

మైకు పాడవలేదు. మేం మాట్లాడటం లేదు, అంతే.

అయినా మీరు చెప్పినట్టే చేశాం. హెల్వికి ఫోను చేశాను. మేం ఊరుకోగానే సులో రెండో ఫోను అందుకుని చదవడం మొదలుపెట్టాడు. వాడి చేతికి దొరికింది పాత పేపరు, తెరుచుకున్నది మరణవార్తల పేజీ. "మా ప్రియమైన బాబాయి గారు పనిచేస్తూనే ప్రశాంతంగా కన్నుమూశారు" అని గంభీరంగా చదివాడు. సులో గొంతు హెల్వి ఎప్పుడూ వినలేదు. నేనే అంతగా వినలేదు. ఆవిడ "అయ్యో" అని పెట్టేసింది. ఫోను మాత్రం అప్పటిదాకా తెగలేదు, మీ పరీక్ష నెగ్గింది.

మర్నాడు పూలొచ్చాయి. కార్డు మీద ఇలా ఉంది: "పోయినవారికి నా నివాళి. పోయింది ఒయ్వా అయితే నా కోపం వెనక్కి తీసుకుంటున్నాను."

బతికే ఉన్నానని చెప్పాలి కదా. ఫోను చేసి "నేనే" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. ఏడుస్తోందో నవ్వుతోందో పోల్చుకునేలోపు తెగిపోయింది.

నీ ఫోను మంచిదేనమ్మా. మాట చక్కగా వినిపిస్తోంది. కానీ మాటకీ మాటకీ మధ్య ఉన్నదాన్ని అది చెత్త అనుకుంటున్నట్టుంది. దానికెవరైనా నచ్చచెప్పగలరా?

ఒయ్వా

తా.క. ఆ ఇంజనీర్లకి పెళ్ళిళ్ళయ్యాయా? ఇద్దరు మనుషులు ఒకేసారి ఊరుకోవడం ఎన్నడూ చూడలేదంటున్నారు.

*

ఔలు

ఒయ్వా గారూ,

క్షమించండి. ఇప్పుడర్థమైంది.

మా యంత్రానికో నియమం పెట్టారు. రెండు వైపులా శబ్దం లేకపోతే ఫోను పెట్టడం మరిచిపోయారనుకుని అదే తెంపేస్తుంది. మీ లైను వరకు ఆ నియమం తీసేయించాను. మా పైఅధికారి "ఎందుకు?" అన్నాడు. మీ ఉత్తరాలు ఇచ్చాను. చదివి, మళ్ళీ మొదటినుంచీ చదివి, సంతకం పెట్టాడు.

తవ్వినకొద్దీ ఇంకో సంగతి బయటపడింది. పాత రాగి తీగలో ఎప్పుడూ సన్నటి హోరు ఉండేది, గుర్తుందా? కొత్త ఫోను ఎవరూ మాట్లాడనప్పుడు ఏమీ పంపదు. అవతలివాళ్ళకి బావిలో చెవి పెట్టినట్టుంటుంది, మనిషి వెళ్ళిపోయాడనిపిస్తుంది. అందుకని వినేవాళ్ళ కోసం ఫోనే ఒక మెత్తటి సవ్వడి పుట్టిస్తుంది. అది ఎవరి గొంతూ కాదు, ఎక్కణ్ణించీ రాదు, "ఉన్నాను" అన్నట్టుంటుంది, అంతే. మీ ఫోన్లలో దాన్ని ఎవరో ఆపి ఉంచారు. ఇప్పుడు పెట్టించాను. ముందు నా బల్ల దగ్గర నేనే విన్నాను. నా కాఫీ చల్లారిపోయింది.

హెల్వి గారికి మరొక్కసారి ఫోను చేయండి. తొందరేమీ లేదు.

మీ
తైయా

తా.క. పరీక్ష కోసం మా అమ్మకి ఫోను చేసి ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాను. "ఏం చేశావో నిజం చెప్పు" అంది.

*

కుహ్మో,
ఆకులు పూర్తిగా విచ్చుకున్నాక

అమ్మా తైయా,

చేశాను. "నేనే, బతికే ఉన్నాను" అన్నాను. "తెలుసు, చచ్చినవాళ్ళు ఇన్నిసార్లు పెట్టేయరు" అంది. తప్పు ఫోనుదే, నాది కాదని అంతా వివరించి చెప్పాను. నా జన్మలో అంత మాట్లాడలేదు. ఆ తర్వాత ఇద్దరం ఊరుకున్నాం.

తెగలేదు. నువ్వన్న ఆ సవ్వడి వచ్చింది, రెల్లులోంచి గాలి వెళ్తున్నట్టు. సులో చెక్కపొట్టు ఊడ్చి, తారు డబ్బాకి మూత పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు. నేను కిటికీలోంచి సరస్సు చూస్తూ నిలబడ్డాను. అవతల ఆవిడ కూడా ఏదో చూస్తూనే ఉండి ఉంటుంది. చాలాసేపయ్యాక గొంతు సవరించుకున్నాను.

"సరే" అంది హెల్వి.

"నేనింకా ఏమీ అడగలేదు."

"అడగడానికేగా సవరించుకున్నావు."

"పడవల గురించి కావచ్చుగా?"

"పడవల గురించైతే నీకు ఇంతసేపు పట్టదు, ఒయ్వా."

నాకేం చెప్పాలో తోచలేదు. తోచనక్కర్లేదనీ తెలిసింది.

కాబట్టి మీ ఏర్పాటే ఖాయం చేసుకుంటున్నాం. హెల్వి కొట్టు సోత్కమో నుంచి ఇక్కడికే మారుస్తోంది. ఆవిడ బల్ల మీదికి ఇంకో ఫోను కావాలి. ఆవిడ నంబరు కూడా పాతదే ఉంచు.

నీ మేలు మరిచిపోను,
ఒయ్వా

తా.క. నడివేసవి పండక్కి పెళ్ళి. నువ్వూ, సంతకం పెట్టిన మీ అధికారీ తప్పక రండి. మొహమాటపడకండి, మీతో ఎవరూ మాట్లాడరు.