డోరా కాన్పుకి మీ పొడుగు ప్రార్థన

బొల్లారం, మంగళవారం

ఏమండీ, వందనాలు. మన డోరాకి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం, కంగారుపడి బయలుదేరకండి.

ఇక్కడ ఆసుపత్రి కాన్పు గదిలో మంచాలకి పరదాలే లేవు. నొప్పులు ముదిరిన వేళకి ఫ్యాను బాగుచేస్తామని ఇద్దరు మగవాళ్ళు నిచ్చెనతో దిగారు. డోరా సిగ్గుతో నా కొంగులో మొహం దాచుకుంది. ఆయాని అడిగితే, "పరదా ఏందమ్మా, గీడ అందరికీ గిట్లనే. జెర ఓపిక పట్టు" అంది. నాకు ఒళ్ళు మండింది. "అందరూ కళ్ళు మూసుకోండి, ప్రార్థన చేసుకుందాం!" అని కేకేశాను. ఆయా మూసుకుంది. నిచ్చెన కిందివాడూ మూసుకున్నాడు, మీదివాడు కూడా నిచ్చెన గట్టిగా పట్టుకుని మూసుకున్నాడు. ఇక ఆదివారం చర్చిలో మీరు చేసే ప్రార్థన ఎత్తుకుని, రాష్ట్రపతి మొదలు మన పోస్టుమాను దాకా అందరినీ దీవించాను. డాక్టరమ్మ వచ్చి వాళ్ళని బయటికి తరిమేదాకా ఆమేన్ అనలేదు.

ముందుగది ఆకుపచ్చ కర్టెను తాడుతో సహా మా తమ్ముడు లూకాతో పంపండి. పక్క మంచం అమ్మాయికి రేపో ఎల్లుండో కాన్పు. పొదిగే పెట్టకి గోనెపట్టా అడ్డం కట్టారా? దానికైనా చాటుండాలి.

మనవరాలిని దీవించండి. మీ ప్రార్థన పొడుగని ముప్పై ఏళ్ళు సణిగాను. మొన్న అది చాలక రెండోసారి మొదలుపెట్టాను.

కాంతమణి