వెంటిలేటరుకి పెట్టిన అట్ట

జనవరి 18, ఆదివారం

ప్రియమైన వదినకి,

నమస్కారం. అన్నయ్యగారికి కూడా నా నమస్కారాలు చెప్పు, చిన్నదానికి ఆశీస్సులు. ఇక్కడ మా ఆయనా నేనూ దేవుడి దయవల్ల కులాసా. మీరు ముగ్గురూ చల్లగా ఉండాలని రోజూ ఆ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా ఆయన వింటాడు కదా.

ఫోను చేస్తే నువ్వు ఎత్తవు, అందుకే ఉత్తరం. కవరు మీద నా చేతిరాత చూడగానే చించెయ్యాలనిపించి ఉంటుంది. నీ కోపం న్యాయమైనదే. కానీ వదినా, ముందు ఒక్క పని చెయ్యి. లేచి వెళ్లి స్నానాలగది గీజరుకి గ్యాసు వచ్చే సిలిండరు దగ్గర రెగ్యులేటరు కట్టేసి రా. ఎవరైనా స్నానానికి వెళ్లబోతుంటే ఆపు. ఎందుకో వచ్చాక చదువు.

కట్టేశావా? అయితే విను.

మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. ఉద్యోగం అయిపోయాక ఆయనకి స్నానం చేస్తూ పాడే పిచ్చి పట్టుకుంది. గొంతు మహా మొరటు. ఆ గీజరు కట్టెయ్యమ్మా, పాటా ఆగుతుంది, నీళ్లూ మిగులుతాయి అని పక్కింటివాళ్లు ఆయన భార్యని ఆటపట్టించేవారు. పోయిన నెల ఒక పొద్దున పాట మధ్యలో ఆగింది. ఆవిడ వంటింట్లో ఉంది. చరణం మర్చిపోయి ఉంటారులే అనుకుంది. నీళ్లు పడుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు. ఎంతకీ రాకపోయేసరికి పిలిచింది, పలకలేదు. నలుగురూ వచ్చి తలుపు పగలగొడితే, ఆయన బకెట్టు పక్కన ఒరిగి ఉన్నారు.

ఒంటి మీద దెబ్బ లేదు. గుండెపోటే అనుకున్నారు అందరూ. ఆస్పత్రిలో డాక్టరు మాత్రం ఆ ముఖం చూసి, ఇంట్లో గ్యాసు గీజరు ఉందా అని అడిగాడు. రక్తం పరీక్ష చేయించి సంగతి చెప్పాడు. మంటకి గాలి చాలకపోతే, పొగ బయటికి పోయే దారి లేకపోతే, ఒక విషవాయువు గదిలో నిండుతుందట. వంటగ్యాసు లీకైతే వాసన వస్తుంది, మనం పరుగెత్తుతాం. దీనికి వాసనా లేదు, రంగూ లేదు. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం. తర్వాత గడియ తియ్యాలని ఉన్నా చెయ్యి లేవదు. అలా పోయినవాళ్ల ముఖం ఒక్కోసారి పాలిపోదట. ఎర్రగా, నిద్రపోతున్నట్టు ఉంటుందట.

ఈ మాట దగ్గర కాసేపు ఆగు వదినా.

మీ పెద్దది, మన పిచ్చుక, దాని ముఖం గుర్తుందా? పెళ్లికూతుర్ని చేసి పడుకోబెట్టినట్టు ఉంది తల్లి అని ఆ రోజు ఒకావిడ ఏడ్చింది. బుగ్గలు అంత ఎర్రగా ఉన్నాయి. విషం తాగితే అలా ఉంటుందని ఇంకొకావిడ గొణిగింది. పెళ్లి కుదిరిన పిల్ల స్నానాలగదిలో గడియ పెట్టుకుని చనిపోయింది. లోకానికి ఇంకేం కావాలి? మా ఆయన కూడా, గడియ వేసుకుని పోయిందంటే లోపల ఏం బాధ ఉందో అని నువ్వు వినేలా అనేశారు. ఒక్క గోడ అవతలా ఇవతలా అన్నేళ్లు బతికిన మనకి ఆ ఒక్క మాటతో తెగిపోయింది. మేము ఇల్లు ఖాళీ చేసి ఈ ఊరు వచ్చేశాం. ఆ సంబంధం దానికి ఇష్టం లేదేమో, కన్నతల్లినైన నాతో చెప్పుకోలేకపోయిందేమో అని నువ్వు ఇప్పటికీ కుమిలిపోతూనే ఉంటావని నాకు తెలుసు.

పిచ్చుక చావాలనుకోలేదు వదినా. ముందు రోజే కొత్త జాకెట్టు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. చేతులు బిగుతుగా ఉన్నాయి, వదులు చేసి పెట్టు అత్తా, అమ్మకి చెబితే నువ్వే లావయ్యావంటుంది అని ఒకటే గోల. చావబోయే పిల్ల జాకెట్టు చేతుల గురించి పోట్లాడుతుందా?

తలస్నానం చేసి వచ్చిన ప్రతిసారీ అది తల పట్టుకుని కూర్చునేది. తడి తల వల్ల అనుకున్నాం. నువ్వు తువ్వాలుతో రుద్ది రుద్ది తుడిచేదానివి. గాలి తగిలితే జలుబు చేస్తుందని వెంటిలేటరుకి అట్ట పెట్టావు. ఈ ముక్క రాయడానికి నాకు చెయ్యి రాలేదు. కానీ ఆ అట్ట ఇంకా అక్కడే ఉందేమో, చిన్నది ఆ గదిలోనే స్నానం చేస్తోందేమో. రాయక ఎలా ఊరుకోను? పిల్లకి జలుబు చెయ్యకూడదనుకున్న తల్లిని ఏ దేవుడూ తప్పు పట్టడు. బయటికి గొట్టం లేకుండా గీజరు బిగించి చేతులు దులుపుకుని పోయినవాడు చెప్పి ఉండాల్సింది, వెంటిలేటరు మూయకూడదని.

పెద్దాయన ఇంటికి తర్వాత మెకానిక్కు వచ్చాడు. ఇదీ మనలాగే ఊపిరి పీల్చి వదులుతుందమ్మా, మీరు దాని ముక్కు మూసేశారు అన్నాడు. అసలు గీజరు స్నానాలగది బయటే ఉండాలట. దాని నెత్తిన పొగగొట్టం పెట్టి, పైకి ఏటవాలుగా నడిపించి ఆరుబయట తేల్చాలి. ఇంకొకరి కిటికీ పక్కన తేల్చకూడదు. గొట్టంలో పక్షులు గూడు కట్టాయేమో ఏటేటా చూపించుకోవాలి. మంట నీలంగా ఉండాలి. పసుపుకి తిరిగినా, గీజరు చుట్టూ మసి కనిపించినా కట్టెయ్యాలి. కిటికీ తెరిస్తే చాలదా అంటే చాలదన్నాడు. పని తెలిసినవాడు వచ్చి చూసేదాకా పొయ్యి మీదే నీళ్లు కాచుకోండి. ఎవరికైనా కళ్లు తిరిగితే ముందు బయటి గాలిలోకి లాక్కురా. ఏమైందని అక్కడే నిలబడి అడగొద్దు.

నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. అట్ట తీసేశామని చిన్నదానిచేత ఒక్క ముక్క రాయించు.

నీ మేలు కోరే,
పక్కవాటా వదిన

తా.క.: మేము కులాసా అని పైన రాశాను. అబద్ధం రాశాను, దేవుడు క్షమించాలి. ఆ పెద్దాయన మా ఆయనే. వంటింట్లో ఉన్నది నేనే. మొదటే రాస్తే, ఎంత కోపం ఉన్నా నువ్వు ఆ వాక్యం దగ్గరే కూలబడి ఏడుస్తావు, లేచి గీజరు దగ్గరికి వెళ్లవు. నీ సంగతి నాకు తెలియదా. మా వెంటిలేటరుకీ అట్టే. చలిగాలి కొడుతోందని ఆయనే కత్తిరించి పెట్టుకున్నారు, కొలత భలే సరిపోయిందని మురిసిపోయారు కూడా. ఇంకా డాక్టరు ఏమీ చెప్పకముందు, పలకరించడానికి వచ్చినవాళ్లలో ఎవరో గుమ్మం దగ్గర అన్నారు, గడియ వేసుకుని పోయాడంటే లోపల ఏం బాధ ఉందో అని. అచ్చం అదే మాట. తల వంచుకుని ఊరుకున్నాను. ఆ రోజు నువ్వూ అలాగే ఊరుకున్నావు.